మిక్కీని చూసి పిల్లవాడు ఏడిస్తే ఏం చేయాలి? ఓర్లాండో వెళ్లివచ్చినవాళ్లు చెప్పండి

సిరిమల్లె | అట్లాంటా | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారంలో ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కు వెళ్తున్నాం. మేమిద్దరం, ఎనిమిదేళ్ల పాప, మూడున్నరేళ్ల బాబు, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. టికెట్లు, హోటలు, ఏ రోజు ఏ పార్కు అన్నవన్నీ తేలిపోయాయి. నా ప్రశ్న వాటి గురించి కాదు.

పోయిన నెల ఇక్కడ ఒక అంగడిలో కుందేలు వేషం వేసుకున్న మనిషి మా బాబుకు చేయి ఊపాడు. వాడు నా చున్నీలో దూరిపోయి ఇరవై నిమిషాలు ఏడ్చాడు. "ఏమీ చేయదురా, వెళ్లు" అంటూ మావారు వాడిని ముందుకు నెట్టారు. ఆ రాత్రి నిద్రలో కూడా ఉలిక్కిపడ్డాడు. పాప సంగతి పూర్తిగా వేరు. మిక్కీ, పొడవాటి జడ రాకుమార్తె రపుంజెల్ సంతకాల కోసం ఆటోగ్రాఫ్ పుస్తకం కొనిపెట్టుకుని రోజులు లెక్కపెడుతోంది. మామయ్యగారేమో "అంత తలకాయలో మనిషికి ఊపిరి ఎలా ఆడుతుందమ్మా" అని అడుగుతున్నారు. అక్కడ నలుగురి పిల్లల ముందూ ఇదే మాట అడుగుతారేమోనని నా బెంగ.

వరుసలో ఎలా మెలగాలి, ముట్టుకోవచ్చా, ఎంతసేపు ఉండవచ్చు, డబ్బులేమైనా ఇవ్వాలా, అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

బాబ్జీ_టాంపా | సోమవారం రాత్రి 10:15

సిరిమల్లె గారూ, మా ఇల్లు అక్కడికి గంటన్నర దూరం. ఇండియా నుంచి ఎవరి తల్లిదండ్రులు వచ్చినా తీసుకెళ్లే పని నామీదే పడుతుంది. ఎన్నిసార్లు వెళ్లానో లెక్క మరిచిపోయాను.

ముందు డబ్బుల సంగతి. పార్కు లోపల వేషధారులకు ఎవరూ ఏమీ ఇవ్వరు. మా పెదనాన్న గూఫీ చేతిలో ఐదు డాలర్ల నోటు పెట్టబోతే గూఫీ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. పక్కనున్న అటెండెంటు నవ్వుతూ ఆ నోటు పెదనాన్న జేబులోనే పెట్టించింది.

పెద్ద తలకాయ తొడుక్కున్న పాత్రలు మాట్లాడవు. మిక్కీ, మిన్నీ, గూఫీ, ప్లూటో అంతా సైగలే. ముఖం కనబడే రాకుమార్తెలు మాత్రం కబుర్లు చెబుతారు, తమ కథలోంచి బయటికి రాకుండా చెబుతారు. మిక్కీ జవాబు చెప్పలేదని పాప చిన్నబుచ్చుకోకుండా ఈ తేడా ముందే చెప్పండి. తల ఊపితే సరిపోయే ప్రశ్నలైతే బాగా నడుస్తుంది. "నీకు సున్నుండలు ఇష్టమేనా" అని మా అన్న కూతురు ఇంగ్లీషులో వివరించి మరీ అడిగితే మిక్కీ పొట్ట నిమురుకున్నాడు.

సంతకాలకు లావుపాటి నొక్కుడు పెన్ను తీసుకెళ్లండి. ఆ చేతితొడుగులతో సన్న పెన్ను నిలవదు, మూత తీయడం ఇంకా కష్టం. పుస్తకం ఖాళీ పేజీ దగ్గర తెరిచి పట్టుకోండి. సెల్ఫీ కర్ర ఇంట్లోనే వదిలేయండి, 2015 నుంచి డిస్నీ పార్కుల్లో దాన్ని లోపలికి రానివ్వరు. పార్కు ఫొటోగ్రాఫరు తీసే ఫొటోలు కావాలంటే కొనుక్కోవాలి, కానీ మన ఫోను ఇస్తే దానితో కూడా తీసిపెడతారు. అడగడానికి మొహమాటపడవద్దు.

రెండుజడలు | డాలస్ | సోమవారం రాత్రి 10:50

ఫొటోల దగ్గరే మనవాళ్ల అసలు కథ మొదలవుతుంది. నిరుడు మా ముందు ఒక పెద్ద కుటుంబం. మనవాళ్లే, పదమూడు మంది. ముందు అందరూ కలిసి ఒకటి. తరువాత తాత, బామ్మ. తరువాత ఒక్కో జంట. తరువాత పిల్లలు. తరువాత "ఆడవాళ్లం మాత్రమే". ఆ తరువాత ఒకావిడ చీర కొంగు సరిగా రాలేదని మళ్లీ మొదటిది. వెనుక నలభై నిమిషాలుగా నిలబడ్డ పాప తన పుస్తకం తెరిచి పట్టుకుని, మూసి, తెరిచి, మూసి. మిక్కీ దగ్గర ఇది పెళ్లి పందిరి కాదు కదా! అందరూ కలిసి ఒకటి, పిల్లలతో ఒకటి, ఇక కదలాలి.

ఇంకొకటి. ముగ్గురు వరుసలో నిలబడి, వంతు వచ్చేసరికి "మావాళ్లు వస్తున్నారు" అని పదిమందిని తాడు కింద నుంచి దూర్చడం. పిల్లవాడిని బాత్రూముకు తీసుకెళ్లి తిరిగి రావడం వేరు, అది అందరికీ అర్థమవుతుంది.

ముక్కుసూటి | మంగళవారం ఉదయం 7:20

నా అభిప్రాయం చాలామందికి నచ్చదని తెలుసు. వేల డాలర్లు పోసి వెళ్తాం. పిల్లవాడు ఏడిస్తే ఏడుస్తాడు, రెండు నిమిషాల్లో మానేస్తాడు. ఫొటో మాత్రం జీవితాంతం ఉంటుంది. మా వాడు నాలుగేళ్లప్పుడు ఏడుస్తూ దిగిన ఫొటో చూసి ఇప్పుడు వాడే నవ్వుతాడు. అలాగే "ఇది నిజమైన మిక్కీ" అని పిల్లలకు అబద్ధాలు చెప్పడం కూడా నాకు నచ్చదు. లోపల మనిషి ఉన్నాడు, జీతానికి పని చేస్తున్నాడు అని మొదటిరోజే చెప్పాను. భయం కూడా పోయింది.

నీలిరిబ్బను | మంగళవారం ఉదయం 8:45

ఇక్కడ ఎప్పుడూ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది. నేను పుట్టిపెరిగింది అమెరికాలోనే, తెలుగు మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి. కాలేజీ రోజుల్లో రెండు వేసవులు ఒక పార్కులో వేషధారులకు తోడుగా ఉండే అటెండెంటుగా పనిచేశాను. వేషం కూడా వేశారా అని అడగవద్దు. ఆ పని చేసేవాళ్లు "నేను ఫలానా పాత్రను" అనరు, "ఫలానా పాత్రకు స్నేహితురాలిని" అంటారు. నేనూ అంతే అంటాను.

ముక్కుసూటి గారూ, మీ పిల్లవాడు తరువాత నవ్వాడు, సంతోషం. కానీ ఏడుస్తున్న పిల్లవాడిని తెచ్చి ఒళ్లోకి తోసినప్పుడు ఇటువైపు ఏం జరుగుతుందో చెబుతాను. పిల్లవాడు కాళ్లతో తంతాడు, తలకాయ పట్టుకుని లాగుతాడు. లోపలి మనిషి మాట్లాడకూడదు, వెనక్కి తప్పుకుంటే పడిపోతాననే భయం, పిల్లవాడిని గట్టిగా పట్టుకుంటే ఇంకా భయపడతాడు. ఆ మనిషి చేయగలిగినదల్లా చేతులు వెనక్కి పెట్టుకుని కిందికి వంగడం. పాత్ర అలా చేతులు దాచుకుని కూర్చుంటే "నేను రాను, నీకు ఇష్టమైతే నువ్వు రా" అని అర్థం. చాలామంది తల్లిదండ్రులు అది గమనించకుండా పిల్లవాడిని ఇంకాస్త ముందుకు నెడతారు.

వాళ్లకు ఎక్కడినుంచి కనబడుతుందో చెప్పను. కింద, కాళ్ల దగ్గర ఉన్న చిన్నపిల్లలు తొందరగా కనబడరని మాత్రం చెబుతాను. వెనుకనుంచి పరిగెత్తుకొచ్చి కౌగిలించుకోవద్దు. ఎదురుగా, కనబడేలా రావాలి. తోక లాగడం, ముక్కు గిల్లడం, "గట్టిదేనా" అని తలమీద కొట్టి చూడటం, ఇవి పిల్లలకంటే మగపిల్లల బాబాయిలే ఎక్కువ చేస్తారు. తలమీద కొడితే లోపల ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఒక్కసారి స్టీలు బిందెలో తలపెట్టి కొట్టించుకుని చూడండి. చంటిపిల్లలను వాళ్ల చేతికి ఇవ్వకండి, మీరే ఎత్తుకుని పక్కన నిలబడండి.

"మిక్కీకి జున్ను తినే వేళైంది" అని అటెండెంటు చెబితే ఆ పూటకు అంతే. ఫ్లోరిడా ఎండలో ఎక్కువసేపు బయట ఉంచరు. వరుస మూసేశాక "మా పాప ఒక్కతే, ప్లీజ్" అని బతిమాలవద్దు. మీ పాపకు ఒప్పుకుంటే మీ వెనుక పాపకు ఏం చెప్పాలి?

చందమామ_కింద | సియాటిల్ | మంగళవారం ఉదయం 9:30

నీలిరిబ్బను గారూ, చేతులు దాచుకోవడం గురించి మీరు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. మా అబ్బాయికి ఆటిజం. ఏడేళ్లప్పుడు తీసుకెళ్లాం. వంతు వచ్చేముందే అటెండెంటుతో నెమ్మదిగా చెప్పాను, వాడికి ముట్టుకుంటే పడదని, తొందరపెట్టవద్దని. ఆమె వెళ్లి ప్లూటో చెవిలో ఏదో చెప్పింది. ప్లూటో వచ్చి వాడికి ఆరడుగుల దూరంలో నేలమీద కూర్చుంది. వాడు నేల టైళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ప్లూటో కూడా వేలితో ఒక్కో టైలు చూపించడం మొదలుపెట్టింది. పదకొండో టైలు దగ్గర మావాడు తప్పు సరిదిద్దాడు. అంతే. ఫొటోలో ఇద్దరూ నేలనే చూస్తున్నారు.

మూడున్నరేళ్ల బాబుకు కూడా ఇదే దారి. మొదటిరోజు దూరంనుంచి చేయి ఊపించండి. వరుసలో నిలబడకుండానే పక్కనుంచి చూడవచ్చు.

కృష్ణాతీరం | విజయవాడ | మంగళవారం సాయంత్రం 6:10

ఓర్లాండో చూడలేదు, చూసే ఓపిక కూడా లేదు. కానీ "అబద్ధం" అన్న మాట దగ్గర ఆగాను. మా చిన్నప్పుడు దివిసీమలో మా ఊరికి పగటివేషగాళ్లు వచ్చేవారు. ఒకరోజు శక్తి, ఒకరోజు పఠాను, ఒకరోజు సగం మగ సగం ఆడగా అర్ధనారీశ్వరుడు. ఆ అర్ధనారీశ్వరుడు ముందురోజు మా అరుగుమీద కూర్చుని మజ్జిగ తాగి వెళ్లినవాడేనని మా నాన్నకు తెలుసు, నాకూ తెలుసు. అయినా వేషంలో ఉన్నప్పుడు ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. మా నానమ్మ దణ్ణం పెట్టింది. అన్ని వేషాలూ అయ్యాక ఆఖరి రోజున సంభావన తీసుకునేటప్పుడు మళ్లీ పేరు పెట్టి, పిల్లల క్షేమం అడిగి పంపేవారు.

జాతరలో బుట్టబొమ్మ ఆడేటప్పుడు కూడా అంతే. లోపల మనిషి ఉన్నాడని కిందనుంచి కనబడే కాళ్లే చెబుతాయి. ఆ కాళ్లను చూపించి "అదిగో మనిషి" అని అరిచే కుర్రవాడిని పెద్దవాళ్లు గదమాయించేవారు. అందులో మోసమేముంది? ముక్కుసూటి గారు ఇంట్లో తన పిల్లవాడికి చెప్పుకోవడం ఆయన ఇష్టం. వరుసలో పక్క పిల్లలు వినేలా చెప్పడమే తప్పు.

సిరిమల్లె గారి మామయ్యగారికి ఈ బుట్టబొమ్మ పోలిక చెప్పండి. గుంటూరువారు కదా, ఇట్టే అందుకుంటారు.

ముక్కుసూటి | మంగళవారం రాత్రి 8:00

కృష్ణాతీరం గారి మాట ఒప్పుకుంటున్నాను. వరుసలో చెప్పలేదు, కారులో చెప్పాను. ఏడ్చే పిల్లల విషయం మళ్లీ ఆలోచిస్తాను, అంతకంటే ఇప్పుడు ఒప్పుకోలేను. కానీ "జీతానికి పని చేస్తున్నాడు" అన్నది తక్కువ చేసి అన్న మాట కాదు. అది నిజంగానే పని. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో వేషాలు వేసేవాళ్లు, ఊరేగింపుల్లో ఆడేవాళ్లు సుమారు 1,700 మంది. 2024 మే నెలలో వాళ్లు ఓట్లు వేసి, యాక్టర్స్ ఈక్విటీ అనే నటుల కార్మిక సంఘం తమ తరఫున మాట్లాడాలని గెలిపించుకున్నారు. పిల్లలకు ఆ సంగతి కూడా తెలియాలి, ఎప్పుడో ఒకప్పుడు.

మణికొండ_నాన్న | హైదరాబాదు | మంగళవారం రాత్రి 9:25

పని అన్న మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. మా అమ్మాయి అయిదో పుట్టినరోజు మే నెలలో వచ్చింది. ఫంక్షను హాలుకు ఒక ఎలుగుబంటి వేషం మాట్లాడుకున్నాం. పిల్లలు ముందు డాన్సు చేశారు, తరువాత తోకమీద ఎక్కారు, ఆ తరువాత బెలూన్ల కర్రలతో వీపుమీద బాదడం మొదలుపెట్టారు. పెద్దవాళ్లం కుర్చీల్లో కూర్చుని నవ్వుతున్నాం. నేను కూడా నవ్వాను, ఫోనులో తీశాను కూడా.

కేకు కోశాక జనరేటరు వెనుక ప్లేట్లు పెట్టే చోటికి వెళ్తే ఎలుగుబంటి తలకాయ సిమెంటు దిమ్మెమీద బోర్లించి ఉంది. పక్కన పంతొమ్మిదేళ్ల కుర్రవాడు, జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, బనియను పిండుకుంటున్నాడు. "అన్నా, కొంచెం మంచినీళ్లు ఉన్నాయా" అని అడిగాడు. రెండు గంటలుగా మా హాలులో ఉన్నాడు, నీళ్లు ఇవ్వాలని మాలో ఒక్కరికీ తోచలేదు. మజ్జిగ జగ్గు తెచ్చి ఇస్తే ఆగకుండా తాగేశాడు. "ఇంకో అరగంట ఉంది కదా అన్నా" అని మళ్లీ తలకాయ తీసుకున్నాడు. వద్దని చెప్పి, భోజనం పెట్టి పంపాను.

ఆ వీడియో ఇంకా నా ఫోనులో ఉంది. చూడలేను, తీసేయలేను.

రెండుజడలు | డాలస్ | మంగళవారం రాత్రి 10:30

మగవాళ్లకు ఒక మాట, ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే చెబుతాను. రాకుమార్తె వేషంలో ఉన్నది ఇరవై ఏళ్ల అమ్మాయి. ఫొటో కోసం ఆమె నడుముమీద చేయి వేయడం, "ఈమెను ఇంటికి తీసుకెళ్లిపోదామా" అని భార్య ముందు హాస్యాలాడటం కళ్లారా చూశాను. ఆ అమ్మాయి చిరునవ్వు చెదరలేదు, చెదరనివ్వకూడదు కూడా. ఆమె చేయి చాచిన మేరకే మన చనువు. మీ చేతులు మీ పిల్లల భుజాలమీద ఉంటే చాలు.

తల్లులకు కూడా ఒకటి. రాకుమార్తె మీ పాపను పేరు అడిగితే మీరు చెప్పకండి! "హాయ్ చెప్పు, పేరు చెప్పు, చేయి ఇవ్వు, మొన్న నేర్చుకున్న పద్యం చెప్పు" అని చుట్టాలింట్లో చేసినట్టు వెనుకనుంచి పొడుస్తుంటే పిల్ల నోట మాట రాదు. నిశ్శబ్దంగా ఉన్నా వాళ్లు సంభాళించుకుంటారు, అదే వాళ్ల విద్య.

బ్రూక్లిన్_బావ | మంగళవారం రాత్రి 11:15

డబ్బుల విషయంలో బాబ్జీ గారు చెప్పింది పార్కు లోపలి మాట. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో తిరిగే మిక్కీలు, ఎల్మోలు వేరు. వాళ్లు ఏ సంస్థ మనుషులూ కారు, ఫొటో తీసుకుంటే డబ్బు ఆశిస్తారు. 2016 నుంచి నగరం వాళ్లకు నేలమీద రంగు గీతలతో చోట్లు కేటాయించింది. మా నాన్నగారు ఉత్సాహంగా ముగ్గురి మధ్య నిలబడ్డారు. ఫొటో అయ్యాక ముగ్గురూ విడివిడిగా చేయి చాచారు. నలభై డాలర్లు. "పార్కులో ఊరికే ఇస్తారని చెప్పావు కదరా" అని ఇప్పటికీ అంటుంటారు. ఇష్టమైతే ముందే ఎంతో మాట్లాడుకోండి, లేదంటే నవ్వి పక్కకు తప్పుకోండి.

బాబ్జీ_టాంపా | బుధవారం ఉదయం 6:50

మరిచిపోయినవి. పాత్రలు బల్లల దగ్గరికి వచ్చి పలకరించే భోజనాలు ఉంటాయి. అక్కడ వరుస ఉండదు, ఒక్కో బల్లకూ వాళ్లే వస్తారు. లేచి వెంటపడనక్కర్లేదు. కానీ చేతులు తుడుచుకోండి. మిక్కీ చేతితొడుగులు తెల్లగా మెరిసిపోతుంటాయి, మా తమ్ముడు టమాటా సాసు చేత్తో షేక్ హ్యాండ్ ఇచ్చాడు. ఆ ఎర్రటి మచ్చ తరువాతి నాలుగు బల్లల ఫొటోల్లోనూ ఉండే ఉంటుంది.

అత్తయ్యగారు శాకాహారి అయితే కూర్చోగానే వడ్డించేవాళ్లకు చెప్పండి.

పాపకు రాకుమార్తె గౌను వేస్తే ముచ్చటగా ఉంటుంది. పెద్దవాళ్లు వేయవద్దు. 14 ఏళ్లు, ఆపైవాళ్లు పాత్రల వేషాల్లో వస్తే మామూలు రోజుల్లో లోపలికి పంపరు, వేరే పిల్లలు వీళ్లనే అసలు పాత్రలనుకుంటారని.

సిరిమల్లె | అట్లాంటా | బుధవారం రాత్రి 9:00

అందరికీ ధన్యవాదాలు. మావారికి నీలిరిబ్బను గారి జవాబు పూర్తిగా చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కానీ బాబును ఎత్తుకుని చాలాసేపు వరండాలో తిప్పారు. ఒక సందేహం. కౌగిలించుకోవచ్చా? కరోనా తరువాత దూరంగానే ఉంచుతున్నారని ఎవరో అన్నారు.

నీలిరిబ్బను | బుధవారం రాత్రి 9:35

అది పాత సంగతి. 2020 మార్చిలో పార్కులు మూతపడ్డాయి. తెరిచాక చాలాకాలం దూరంనుంచే చూడనిచ్చారు. 2022 ఏప్రిల్ 18 నుంచి డిస్నీ వరల్డ్‌లో మళ్లీ కౌగిలింతలు, సంతకాలు మొదలయ్యాయి. పాపను ముందు అడగమనండి, మిక్కీ చేతులు చాచగానే తెలిసిపోతుంది.

సిరిమల్లె | అట్లాంటా | డిసెంబరు 19, రాత్రి 10:20

వచ్చేశాం. చెప్పాల్సింది చాలా ఉంది కానీ బట్టలు ఉతకాలి, కాబట్టి రెండు ముక్కలు.

బాబు మొదటి రెండు రోజులు ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. మేం అడగలేదు. పాప, అత్తయ్యగారు వరుసలో ఉంటే నేను, వాడు తాడుకు ఇవతల నిలబడి చూశాం. మూడోరోజు గూఫీకి చేయి ఊపాడు. గూఫీ ఊపాడు. వీడు రెండు చేతులూ ఊపాడు. గూఫీ రెండు చేతులూ, ఒక కాలూ ఊపాడు. అక్కడితో ఆగిపోయింది, ఫొటో లేదు. ఇంటికి వచ్చినప్పటినుంచి అన్నం తినేటప్పుడు ఒక కాలు ఊపుతున్నాడు.

"నీ పేరేమిటి" అని రపుంజెల్ అడిగితే పాపకు నోరు పెగల్లేదు. నా నాలుక చివరిదాకా వచ్చింది. రెండుజడలు గారిని తలచుకుని పళ్లు బిగబట్టాను. అర నిమిషం తరువాత పేరు కాదు, "నీ జడ ఎవరు వేస్తారు?" అని అడిగింది.

మామయ్యగారు మిక్కీ దగ్గర ఊపిరి ప్రశ్న అడగలేదు. చెప్పులు సర్దుకుని, రెండు చేతులూ జోడించి నమస్కారం చేశారు. మిక్కీ కూడా జోడించాడు. బయటికి వచ్చాక చెవిలో "బుట్టబొమ్మ కంటే ఇతనికే ఉక్క ఎక్కువమ్మా" అన్నారు.

బాబ్జీ_టాంపా | డిసెంబరు 19, రాత్రి 10:45

బాగుంది! పెన్ను పనికొచ్చిందా?

సిరిమల్లె | అట్లాంటా | డిసెంబరు 19, రాత్రి 10:52

రెండు తీసుకెళ్లాను. ఒకటి ఎక్కడో వరుసలో పోయింది, ఇంకొకటి మామయ్యగారి చొక్కా జేబులోనే ఉతుకులోకి వెళ్లింది. తెల్ల చొక్కా. నీలం మరక పోయే మార్గం ఎవరికైనా తెలుసా?